పుట్టింటికెళ్తూ ఫోన్లో వేసుకున్న ఖర్చుల యాప్: పదహారు రోజుల వాడకం తర్వాత రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి రెండున్నర స్టార్లు. మా వదిన గొడవ జరక్కపోతే మూడున్నర ఇచ్చేదాన్నేమో. యాప్ పేరు రాయట్లేదు, రాస్తే మా వదిన వెతుక్కుని వచ్చి మరీ చదువుతుంది. పైగా ఇలాంటివి ఒక అరడజను దించి చూసా, అన్నీ దాదాపు ఒకే తీరు, బ్యాంకు ఎస్ఎంఎస్‌లు చదివేసి మన ఖర్చుని రంగురంగుల చక్రంలా గీసి చూపించడం, బడ్జెట్ దాటితే ఎర్రగా అరవడం. కాబట్టి మీరు వాడుతున్నదే అనుకుని చదూకోండి.

అసలు ఎందుకు వేసుకున్నానంటే, ప్రతి వేసవి సెలవులకీ పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్తా, పోయినేడు తిరిగొచ్చాక మా ఆయన ఎంతయ్యిందే అనడిగితే పదిహేనో ఇరవయ్యో అయ్యుంటుందిలే అన్నా, తర్వాత కార్డు బిల్లు వచ్చింది, ఆయన ఏమీ అనలేదు గానీ ఆ బిల్లు కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాడు, దసరా దాకా అక్కడే ఉంది. అందుకని ఈసారి పట్టుదలగా మే నెలలో పదహారు రోజులకి, రైలు టికెట్లు కాకుండా, 25,000 అని బడ్జెట్ పెట్టుకుని బయల్దేరా. నేను, పదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ బాబు. అమ్మావాళ్ళది ఎంవీపీ కాలనీ, అన్నయ్యవాళ్ళు మధురవాడలో ఉంటారు, పిన్ని గాజువాకలో. అంటే ఊర్లోనే ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుడు.

బాగున్నవి ముందు చెప్పేస్తా. తెలుగులో ఉంది, తెలుగు కూడా మరీ అంత ఘోరంగా లేదు. ఫోన్ తెరవగానే ముందు స్క్రీన్ మీదే చిన్న ప్లస్ గుర్తు పెట్టుకోవచ్చు, అది నొక్కి 40, ఆటో అని కొడితే అయిపోయింది, ఒక చేత్తో బాబుని పట్టుకుని ఇంకో చేత్తో కూడా కొట్టచ్చు. నెట్ లేకపోయినా ఎక్కించుకుంటుంది, అరకు ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోయినప్పుడు కొట్టినవన్నీ కిందకి దిగాక వాటంతటవే ఎక్కాయి, ఒక్కటీ పోలేదు. ఈ ఒక్క విషయంలో చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

ఇక అసలు తంటా. ఈ యాప్ ఖర్చుని గుర్తుపట్టేది షాపు పేరుని బట్టి. సూపర్ మార్కెట్, సినిమా హాలు, పెట్రోల్ బంకు అయితే టక్కున పట్టేస్తుంది. కానీ నేను వైజాగ్‌లో సూపర్ మార్కెట్‌కి ఎందుకెళ్తాను చెప్పండి. రైతు బజార్ గేటు బయట ముంజలమ్మే ఆవిడ దగ్గర రెండు డజన్లు తీసుకుని 500 నోటిస్తే "సిల్లర నేదు తల్లీ, ఫోన్లో కొట్టీ" అని క్యూఆర్ కోడ్ చూపించింది, స్కాన్ చేస్తే ఎవరో మగాయన పేరొచ్చింది, వాళ్ళబ్బాయంట. బీచ్‌లో మూరీ మిక్చరు బండి అంతే, పూర్ణా మార్కెట్లో చింతపండు కొట్టు అంతే, సొంత మనుషుల పేర్లే. దాంతో యాప్ వీటన్నిటినీ "వ్యక్తికి బదిలీ" అని ఒకే గంపలో పడేసింది. వారం తిరిగేసరికి నా ఖర్చుల చక్రంలో సగానికి పైగా వ్యక్తులకి బదిలీలే, చూస్తే నేనేదో ఊరంతా అప్పులు తీరుస్తున్నదాన్లా ఉన్నా. ఒక్కోటీ తెరిచి ఇది ముంజలు, ఇది మూరీ మిక్చరు అని మార్చుకోవాలి. రాత్రి పిల్లలు పడుకున్నాక అదే పని. ఒకసారి మారిస్తే తర్వాత గుర్తుపెట్టుకుంటుంది అంటారు, గుర్తుపెట్టుకుంది కూడా, కాకపోతే ఆ ముంజలావిడ రెండోసారికి వేరే కోడ్ తెచ్చింది, ఈసారి కోడలి పేరు.

ఇంకో చిత్రం, ఇది సున్నా తీసుకోదు. మొదట నాకూ ఇదొక లోపం అనిపించలేదు, సున్నా ఖర్చు ఎవరు రాసుకుంటారు అనుకున్నా. ఒకరోజు అమ్మా నేనూ పిల్లలూ భీమిలి వెళ్దామని 900కె బస్సెక్కాం, అమ్మ ఆధార్ చూపిస్తే స్త్రీశక్తి, అదే ఏపీ ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం, కింద సున్నా టికెట్ కొట్టాడు కండక్టర్, నాది హైదరాబాద్ అడ్రస్ కాబట్టి నాకు డబ్బులు టికెట్టే, అమ్మ ఆ సున్నా టికెట్‌ని పర్సులో మడతపెట్టి దాచుకుంటూ నా వైపు ఒక చూపు చూసింది చూడండి, పెళ్ళి చేసి పంపించేస్తే ఇలాగే ఉంటుంది మరి అన్నట్టు. సరే ఏ రోజు ఎక్కడెక్కడికి తిరిగామో కూడా ఉంటుంది కదాని అమ్మ టికెట్ సున్నా అని కొట్టబోతే "మొత్తం సున్నా కంటే ఎక్కువ ఉండాలి" అని ఎర్రక్షరాల్లో వచ్చింది. సర్లే అని వదిలేసా.

ఆ మర్నాడో ఆ మూడోనాడో అమ్మే ఫోన్ చూసేసింది. నేను వరండా గట్టు మీద ఫోన్ పెట్టి పిల్లాడికి స్నానం చేయిస్తున్నా, డబ్బాతో నీళ్ళు పోసుకుంటా వాడు బయటికి రానంటాడు, ఈలోపు అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ చక్రాన్ని చూస్తోంది. నేను పెట్టుకున్న ఒక గంప పేరు "పుట్టిల్లు", అందులో 4,860 ఉంది. నాన్న బీపీ మాత్రలు, మిక్సీ రిపేరు, గ్యాస్ బండ, రెండుసార్లు చేపలు. "ఏటే ఇది, మా ఇంటికొచ్చి మా మీద ఎంతయ్యిందో రాస్కుంటున్నావా" అంది. కాదమ్మా, నా లెక్క కోసం అంటే వినదు. మాత్రలు నేను కొన్నానని అప్పటిదాకా తనకి తెలీదు, నాన్నే కొనుక్కున్నారనుకుంది, ఇప్పుడు నాన్న మీద కూడా మొదలెట్టింది, ఆడపిల్ల డబ్బులతో మందులేంటండీ అని. ఆయన పేపర్ ఇంకొంచెం పైకెత్తుకున్నారు.

కాసేపాగి తనే వచ్చి పక్కన కూచుని "సరే మరి, నేను పెట్టింది ఎక్కడ రాసావ్" అంది. ఏం చెప్పను. "ఆవకాయ రెండు కేజీలు కలిపాను నీకు, రాయి. పిల్లదానికి లంగా కుట్టించాను, రాయి" అంటోంది. నవ్వుతూనే అంది గానీ గొంతులో తేడా నాకు తెలుసు. నేను కూడా మొండిగా సరే రాస్తా అని ఆవకాయ అని కొట్టి సున్నా పెట్టా. మొత్తం సున్నా కంటే ఎక్కువ ఉండాలి అంది యాప్. అమ్మకి చూపించా. "మంచిదే, తెలివైందే" అని లేచి వెళ్ళిపోయింది. యాప్‌ని అందో నన్నందో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రాత్రి ఆ గంప పేరు మార్చి "ఇతరాలు" అని పెట్టా.

ఇప్పుడు వదిన. ఇది చదివాకే మీరు వేసుకోవాలో వద్దో తేల్చుకోండి.

తొమ్మిదో రోజు అందరం కలిసి అరకు వెళ్ళాం, అన్నయ్య కుటుంబం, మేము, నాకు తమ్ముడయ్యే పెద్దమ్మ కొడుకు వాళ్ళూ, ఒక వ్యాన్ మాట్లాడుకుని. వ్యాన్ డబ్బులు అన్నయ్యే ఇచ్చేశాడు, ఎంతో కూడా చెప్పలేదు. బొర్రా గుహల టికెట్లు, మధ్యాహ్నం భోజనాలు, బొంగులో చికెన్, కాఫీ పొడి ప్యాకెట్లు నేను కట్టా, 4,380 అయ్యింది. ఈ యాప్‌లో గ్రూప్ అని ఒకటి ఉంది, ముగ్గురు కలిసి తిరిగితే ఎవరి వాటా ఎంతో చూపిస్తుంది. నేను మనిషికెంత పడిందో చూద్దాం అని, ఒట్టేసి చెప్తున్నా ఊరికే చూద్దామనే, గ్రూప్ పెట్టి కాంటాక్ట్స్‌లోంచి వదిన పేరూ తమ్ముడి పేరూ ఎంచుకున్నా. తలకి 1,460 అని చూపించింది. ఓహో అనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నా.

అది నన్నొక్క మాట అడక్కుండా వాళ్ళిద్దరికీ మెసేజ్ పంపేసింది. "మీరు 1,460 రూపాయలు చెల్లించాలి. అరకు ట్రిప్. ఇప్పుడే సెటిల్ చేయండి" అని, కింద పసుప్పచ్చ నవ్వు మొహం ఒకటి. పంపిందని నాకు తెలిస్తే కదా. మర్నాడు పొద్దున్న ఏడింటికి గుర్తుచేస్తూ మళ్ళీ ఇంకోటి పంపిందంట. వ్యాన్ మొత్తం వాళ్ళాయన ఇచ్చుకున్నాక, ఆడపడుచు పొద్దున్నే ఏడింటికి చికెన్ డబ్బులు అడుగుతోందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తమ్ముడైతే "ఏంటక్కా, నా దగ్గరే వసూళ్ళా" అని ఫోన్ చేసి పకపకా నవ్వాడు. వదిన నవ్వలేదు. ఏడుంబావుకి 1,460 యూపీఐలో వేసేసింది, రూపాయి ఎక్కువా లేదు తక్కువా లేదు, కింద "థాంక్స్" అని రాసి. ఆ థాంక్స్ చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అదే నిమిషంలో యాప్ టింగుమని "శుభవార్త! మీకు ఆదాయం వచ్చింది" అని చూపించి ఆ 1,460ని జీతం గంపలో వేసింది. నేను వెంటనే తిరిగి పంపించేశా, దాన్నేమో ఖర్చులో రాసుకుంది, రెండూ చేత్తో తీసేయాల్సొచ్చింది. వదినకి ఫోన్ చేస్తే "అయ్యో పర్లేదు, లెక్క లెక్కే కదా" అంది. ఇంక అంతకంటే గట్టి మాట మా ఇళ్ళల్లో ఉండదు. రెండ్రోజులు మాట్లాడలేదు, అన్నయ్య మధ్యలో నలిగాడు.

తర్వాత సెట్టింగుల్లో వెతికితే ఎక్కడో నాలుగు మెట్లు లోపల "సభ్యులకు ఆటోమేటిక్ రిమైండర్లు" అని ఉంది, మనం పెట్టకుండానే ఆన్‌లో ఉంది. మీరు ఏ యాప్ వేసుకున్నా సరే మొదట చేయాల్సిన పని ఇదీ: అది కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వకండి. ఖర్చు రాసుకోవడానికి దానికి మీ చుట్టాల నంబర్లతో పనేంటి. స్నేహితులతో గోవా వెళ్ళినప్పుడు ఈ వాటాలు బానే ఉంటాయేమో, నలుగురూ పంచుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. అన్నా వదినల దగ్గర ఒకరు వ్యాన్ ఇస్తే ఇంకొకరు భోజనం పెట్టిస్తారు, ఏడాదికి ఇంకోలా సర్దుకుంటుంది, దాన్ని మూడుతో భాగించావో అయిపోయావు.

ఇంకో రోజు సింహాచలం వెళ్ళాం, అప్పన్న స్వామికి అమ్మ మొక్కు ఏదో ఉంటే. కప్పస్తంభం కౌగిలించుకోవడానికి బాబు చేతులు చాలక ఏడిస్తే వాళ్ళక్క అటువైపు నుంచి పట్టుకుంది. హుండీలో వేసినవి, ప్రసాదం, కొబ్బరికాయ అన్నీ క్యాషే, అవి ఎంతో నాకు గుర్తు లేవు, రాయలేదు కూడా. దేవుడి దగ్గర ఫోన్ తీసి లెక్క కొట్టడానికి చెయ్యి రాలేదు.

పన్నెండో రోజు సాయంత్రం ఆర్కే బీచ్. ముందు కుర్సురా సబ్‌మెరైన్ చూశాం, నా చిన్నప్పుడు అది అక్కడ లేదు, 2002లో పెట్టారు, ఇప్పుడు రోడ్డుకి అటు యుద్ధవిమానం మ్యూజియం కూడా ఉంది, పిల్లలకి రెండూ చూపించేసరికే చీకటి పడింది. ఇసకలో గుర్రం ఎక్కారు ఒక రౌండు. బాబు ఇంకో రౌండు అన్నాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ గుర్రుమంది, చూస్తే స్క్రీన్ నిండా ఎరుపు, "మీ బడ్జెట్ దాటిపోయింది". పన్నెండో రోజుకే 25,000 అయిపోయిందా అని గుండె జారిపోయింది, ఫ్రిజ్ మీద కాగితం కళ్ళముందు కనపడింది. వద్దు నాన్నా రేపు అన్నా. వాడు ఏడుస్తూనే ఉన్నాడు రోడ్డు దాకా, గుర్రం అబ్బాయి కూడా "పోన్లే మేడమ్ సగం ఇవ్వండి" అన్నాడు, నేను ఇనలేదు. మర్నాడు వాన పడింది, మళ్ళీ బీచ్‌కి వెళ్ళడం కుదర్లేదు.

హైదరాబాద్ వచ్చాక ఒక ఆదివారం కూచుని బ్యాంకు స్టేట్‌మెంటూ యాప్‌దీ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు బయటపడింది. యాప్ లెక్క ప్రకారం నా ట్రిప్ ఖర్చు 27,870. అందులో యూపీఐలో పోయింది 13,720, అది కరెక్టే. మొదటిరోజు ఏటీఎంలో 10,000 తీసుకున్నా, దాన్ని తీసిన క్షణమే మొత్తం ఖర్చయిపోయినట్టు రాసేసుకుంది. ఆ క్యాష్‌లోంచే నేను ఆటోకి, కూరలకి ఇచ్చినవి చేత్తో 4,150 కొట్టా, వాటిని మళ్ళీ కలిపింది. అంటే ఒకే నోటు రెండుసార్లు ఖర్చయ్యింది. పైగా ఆ పదివేలల్లో 2,100 ఇంకా నా పర్సులోనే ఉంది.

ఇటువైపేమో అసలు లెక్కలోకి రానివి. నేను చిన్న చిన్న వాటికి యూపీఐ లైట్ వాడతా, ముందే కొంత డబ్బు వేసి పెట్టుకునే ఫోన్ పర్సు లాంటిది, వెయ్యి లోపు అయితే పిన్ అక్కర్లేదు కదా, బండి వాళ్ళ దగ్గర హాయి. అందులోంచి పోయిన వాటికి బ్యాంకు నుంచి ఒక్కోదానికి మెసేజ్ రాదు, పాస్‌బుక్‌లో కూడా లైట్‌లోకి డబ్బు వేసుకున్నదే కనిపిస్తుంది, మెసేజ్ రాకపోతే మెసేజ్‌లు చదివే యాప్‌కి ఏం తెలుస్తుంది. లైట్‌లోకి వేసుకున్న మూడు వేలనీ "సొంత ఖాతాకి బదిలీ" అని పక్కన పెట్టేసింది, అందులో 2,690 పునుగులకీ, చెరుకురసానికీ, పిల్లల ఐస్‌లకీ పోయింది. ఇక రైలు టికెట్లు, రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి మార్చిలోనే చేసేశా, రానుపోను ముగ్గురికి 6,840, అది మార్చి నెల ఖర్చులో హాయిగా కూచుంది, ట్రిప్‌కి కలపడానికి తేదీ మారిస్తే మార్చి లెక్క తప్పుతుంది. తేదీ ఒకటి, ఏ ప్రయాణం కోసమో ఇంకొకటి, రెండూ రాసుకునే వీలు లేదు. ఉంది అంట, ప్రీమియంలో.

మొత్తం సరిచేస్తే యూపీఐ 13,720, లైట్ 2,690, నిజంగా ఖర్చయిన క్యాష్ 7,900. కలిపితే 24,310. రైలు కాకుండా. నేను బడ్జెట్ దాటనే లేదండీ. 690 మిగిలింది. గుర్రం ఇంకో రౌండు ఎంత, వంద.

వేసుకునేవాళ్ళకి నాకు తెలిసిన మేరకు చెప్తున్నా. ఏటీఎం నుంచి తీసింది ఖర్చు కాదు బదిలీ అని మొదటిరోజే మార్చేసుకోండి, క్యాష్ ఒక్కోటీ రాసే ఓపిక లేకపోతే రాత్రికి పర్సులో ఎంతుందో లెక్కపెట్టి ఆరోజు తేడాని ఒకే ముక్కగా కొట్టేయండి, అదే నయం. లైట్ వాడితే లైట్‌లోకి వేసిందే ఖర్చు అనుకోండి, ఆఖర్న మిగిలింది తీసేయండి. రైలు టికెట్లు విడిగా ఒక కాగితం మీద. గ్రూప్ జోలికి వెళ్ళకండి, చుట్టాలతో అస్సలు వెళ్ళకండి. ప్రీమియం ఏడాదికి 299 అంటోంది, నేను కట్టలేదు. మీరు ఒక్కరే ఉద్యోగం చేసుకుంటూ నెల ఖర్చులు చూసుకోవడానికైతే ఈ యాప్ నిజంగా పనికొస్తుంది, హైదరాబాద్ వచ్చాక నేను కూడా వాడుతూనే ఉన్నా. మా ఆయన 24,310 చూసి మళ్ళీ ఇంకోసారి కూడి చూసుకున్నాడు, నమ్మలేదు పాపం.

వదిన సంగతి అడుగుతారేమో. ఆ గొడవైన మూడో రోజు మా మేనకోడలి చేత పనసపొట్టు కూర పంపించింది, ఆవ పెట్టి, స్టీలు బాక్సులో. నాకిష్టమని తనకి తెలుసు. బాక్సు ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, మాడుగుల హల్వా తెప్పించి పెట్టి ఇద్దామని ఉంచా, ఆ హల్వా వచ్చేసరికి మా రైలు టైమ్ అయ్యింది, అన్నయ్య స్టేషన్‌కి వచ్చినప్పుడు హల్వా ప్యాకెట్ ఇచ్చా గానీ హడావిడిలో బాక్సు నా బ్యాగులోనే ఉండిపోయింది. మూత మీద వదిన పేరు చెక్కించి ఉంది. ఇప్పుడు మా వంటింట్లో ఉంది, అందులో అమ్మ ఆవకాయ పోసి పెట్టా. మొన్న ఫోన్‌లో "నా బాక్సు" అంది వదిన. సంక్రాంతికి తెస్తా అన్నా. "ఊరికే తేకు" అంది.